గీతలో ఇరుక్కున్న మాటలు

హార్బరు వైపు నుంచి గాలి తిరిగిందంటే కోటవీధి ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆరేసిన బట్టలు. ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే రోజుల్లో ఆ గాలి వెంట ఎర్రటి దుమ్ము వచ్చి, తెల్ల పంచెలన్నీ జేగురు రంగుకి తిరిగిపోయేవి. ఆ పొద్దున కూడా అప్పాయమ్మ చోడంబలి తిప్పడం ఆపి పెరట్లోకి పరుగెత్తింది. చేతినిండా బట్టలతో తిరిగొస్తూ ముందుగది వైపు కేకేసింది.

"వరాలూ! మీ నాన్నని కుర్సీలో కూకోబెట్టీ. అంబలైపోనాది."

"కూకోబెట్టీసేనమ్మా. కంప్యూటర్ కూడా ఆన్ చేసేను," కూతురు వరహాలు బదులిచ్చింది.

ఆ ఇంట్లో కంప్యూటర్ ఉండడం వీధిలో అందరికీ వింతే. ఎనభై ఎనిమిదో సంవత్సరంలో కోటవీధిలో టీవీలే వేళ్ళమీద లెక్కపెట్టేలా ఉండేవి. కానీ అప్పాయమ్మ భర్త శ్రీరామ్మూర్తికి ఆ పెట్టె వేడుకకి కొన్నది కాదు. అది ఆయన నోరు.

శ్రీరామ్మూర్తి రేవు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టెలిప్రింటర్ ఆపరేటరుగా చేసేవాడు, మీటలు కొట్టి ఊరూరికీ తంతి కబుర్లు పంపే పని. ఏ ఓడ ఏ సరుకుతో వస్తోందో ఆఫీసులో అందరికంటే ముందు ఆయన వేళ్ళకే తెలిసేది. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నాలుక మడతపడిపోయింది. మాట మనసులో శుభ్రంగానే ఉండేది, నోట్లోకి వచ్చేసరికి ముద్దముద్దగా మూలుగైపోయేది. ఎడమచేత్తో పలక మీద రాయబోతే కోడి కెలికినట్టు ఉండేది. చెప్పబోయి, చెప్పలేక, చివరికి చెప్పడమే మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

కొడుకు పేరు గురువులు, స్టీల్‌ప్లాంటు కట్టుబడిలో ఉన్న ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. వాళ్ళ ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చి, పాతదొకటి మూలపడితే, బతిమాలి ఇంటికి తెచ్చాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. తండ్రి ఎడమచెయ్యి మీటల మీద పెట్టగానే ఆ వేళ్ళకి పాత జ్ఞాపకం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, ఒక్కొక్క మీటే నొక్కుకుంటూ, చాలాసేపు కొట్టాడు.

"కాఫీలో పంచదార సరిపోదు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నించీ సరిపోదు."

వరహాలు అది పైకి చదివితే అప్పాయమ్మ నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియలేదు. అప్పాయమ్మకి తెలుగే కూడబలుక్కుంటే గాని రాదు, ఇంగ్లీషు అక్షరాలైతే చీమల బారే. అందుకని ఆయన కొట్టడం, కూతురు చదవడం, ఆవిడ జవాబు చెప్పడం. ముగ్గురూ కలిసి ఒక మాట ఆడుకునేవారు.

ఆ రోజు వరహాలు అంబలి గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చేసరికి తండ్రి తెరవైపు చూస్తూ ఎడమచెయ్యి గాలిలో ఆపేశాడు. తెర మీద అక్షరాలు లేవు. మధ్యలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఒక్క గీత. సన్నగా, పచ్చగా, కళ్ళు పొడిచేంత వెలుగుతో. ఆయన ఒక మీట నొక్కితే గీతలో ఎక్కడో చిన్న మిణుకు. అంతే. మాటలన్నీ ఆ గీతలో నలిగిపోయి ఉన్నాయి.

"అన్నయ్యా, ఇటు రా!"

గురువులు టిఫిన్ క్యారేజీ పట్టుకుని వచ్చి, మానిటర్ నెత్తిన ఒకటి, పక్కన ఒకటి చరిచాడు. గీత కదల్లేదు.

"పిక్చర్ ట్యూబు పోనట్టుంది. మా ఆఫీసుదొకటి ఇలాగే పోతే హైదరాబాదు పంపేరు. అదెప్పుడొచ్చిందో నాకే గుర్తు లేదు."

వరహాలు వంగి, ముందు వెలుగు తగ్గించే మరను తిప్పింది. గీత మెత్తబడింది. "ట్యూబు పోలేదన్నయ్యా. పోతే ఈ గీత మాత్రం ఎలా వెలుగుద్ది? అక్షరాన్ని పైకీ కిందకీ సాగదీసే భాగం ఒకటుంటాది. అది పనిచెయ్యట్లేదు. ఎక్కడో అతుకు వదిలేసుంటాది."

"బాగుసెయ్యగలవేటి?" గురువులు ఆశగా అడిగాడు.

వంటింట్లోంచి అప్పాయమ్మ గొంతు కత్తిలా వచ్చింది. "దాన్నడక్కు. దానికేటీ తెల్దు. నువ్వు ఎల్లు, బస్సు ఎల్లిపోతాది."

గురువులు చెల్లెలి మొహం చూశాడు, తల్లి ఉన్న వైపు చూశాడు. ఆదివారం ఎవరినైనా తీసుకొస్తానని తండ్రి భుజం తట్టి, స్టీల్‌ప్లాంటు బస్సు అందుకోవడానికి వెళ్ళిపోయాడు.

వరహాలుకి తెలీకపోవడమేమీ కాదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా మంచి మార్కులతో పాసైంది. డాబాగార్డెన్స్‌లో టీవీలు బాగుచేసే చలమయ్య, పిల్ల చేతి పని చూసి, రేపటినుంచి రమ్మన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పిన పొద్దుననే గొడవైంది. ఆడపిల్ల ఊళ్ళో ఇళ్ళకి పోయి టీవీలు విప్పడమేమిటన్నాడు శ్రీరామ్మూర్తి. మీరు జీవితమంతా మిషను ముందు కూర్చోలేదా అంది వరహాలు. మాట పెరిగింది. "వద్దు అన్నాను, వద్దంతే!" అని ఆయన గట్టిగా అరిచాడు. ఆ పిల్ల ఏడుస్తూ స్నేహితురాలింటికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి వరండాలో జనం, మధ్యలో నేల మీద నాన్న.

ఆస్పత్రి వరండాలో అప్పాయమ్మ కూతురి రెక్క పట్టుకుని ఒక్క మాటంది. "నీ పంతమేనే ఆయన నోరు తీసీసింది."

వరహాలు జవాబివ్వలేదు. ఇంటికొచ్చి సోల్డరింగ్ ఐరన్నీ, మీటర్నీ, స్క్రూడ్రైవర్లనీ ఒక రేకు పెట్టెలో పడేసి మంచం కిందికి తోసేసింది. చలమయ్య మళ్ళీ కబురు పెడితే రానని చెప్పింది. ఆ మాట తల్లి మళ్ళీ అనలేదు, కూతురు మరిచిపోలేదు. శ్రీరామ్మూర్తి ముందు మాత్రం అది ఎప్పుడూ రాలేదు.

ఆ పూట ఇల్లు ఎలా గడిచిందో చెప్పడం కష్టం. అంబలి తాగాక శ్రీరామ్మూర్తికి ఏదో కావలసివచ్చింది. గొంతులోంచి "ఊ... ఆ..." అన్నాడు.

"నీల్లా?" అప్పాయమ్మ అడిగింది. కాదని తల ఊపాడు.

"ఫేను ఎయ్యాలా? తలగడా? లోపటికెల్తారా?"

దేనికదే కాదు. ఎడమచెయ్యి ఎత్తి ఎటో చూపించబోయాడు, చెయ్యి వణికి గుమ్మానికీ గోడకీ మధ్య ఊగింది. అప్పాయమ్మ దుప్పటి తెచ్చి కప్పింది. ఆయన దాన్ని తోసేసి, ఇంక అడగడం మానేసి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి వరహాలు దగ్గరికొచ్చి చూస్తే ఆ కళ్ళ కొలకుల్లో ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది, నీళ్ళు కారుతున్నాయి. కిటికీ మూయమనడానికే ఆ గొడవంతా.

ఆ పిల్ల తడిగుడ్డతో తండ్రి కళ్ళు తుడిచింది. కిటికీ మూసింది. తర్వాత మంచం కిందికి దూరి రేకు పెట్టె బయటికి లాగింది.

పెట్టె నేలమీద రాసుకున్న చప్పుడికి అప్పాయమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి సేత్తన్నావు?"

"విప్పి చూస్తానమ్మా."

"ఇప్పొద్దు."

"ఆదివారం దాకా ఇలాగే ఉంచుతావా? ఆదివారమొచ్చినోడు దీన్ని పట్టుకుపోతే ఎన్నాళ్ళకి తెస్తాడో? కిటికీ మూయమని చెప్పడానికి నాన్న..."

"ఇప్పొద్దన్నానా!" అప్పాయమ్మ వచ్చి పెట్టె మూత మీద కాలు పెట్టింది. "ఒకపాలి నీ పంతానికే గదే ఆయన నోరు పోనాది! ఆరోజు నువ్వలగ నోరెట్టుకు పడకపోతే ఈయన ఈపాటికి ఆఫీసుకెల్లి రాడా? ఇప్పుడు మిగిలిన ఈ ఒక్క దారీ కూడా తగలెట్టీ. నీ సేత్తోనే తగలెట్టీ. అప్పుడు నీ మనసు సల్లబడతాది!"

ఆ మాట శ్రీరామ్మూర్తి ముందు అన్నానని అప్పాయమ్మకి ఆ తర్వాత గాని తెలియలేదు.

ఆయన భార్యని చూశాడు. కూతుర్ని చూశాడు. వరహాలు కొత్తగా దెబ్బతిన్నదానిలా లేదు. తల వంచుకుని, ఎప్పట్నించో మోస్తున్న బరువేదో ఎవరో చూసేసినట్టు నిలబడి ఉంది. అది చూసి ఆయనకి అర్థమైంది, ఈ మాట రావడం ఇది మొదటిసారి కాదని. ఈ పిల్ల చలమయ్యకి ఎందుకు రానందో, ఆ పెట్టె మంచం కిందికి ఎందుకు పోయిందో.

ఎడమచెయ్యి మీటల మీద పడింది. టకటక, టకటక, ఏదో కొట్టాడు. తెర మీద గీత అక్కడక్కడా మిణుకుమంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. పిడికిలి బిగించి బల్ల మీద బాదాడు. "కా... కా..." అని నోరు తెరిచాడు, మూలుగే వచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం మీదుగా కిందికి కారాయి.

"ఏటండీ, ఏటలాగ... ఓలమ్మో, ఊరుకోండి, మల్లీ ఏటైనా అయితాది," అప్పాయమ్మ కంగారుగా దగ్గరికి పోయింది. ఆయన ఆవిడ చెయ్యి తోసేశాడు. కూతురి మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, లాగి, ఆ చేతిని మానిటర్ నెత్తిమీద పెట్టాడు. పెట్టి అలాగే నొక్కి ఉంచాడు.

అప్పాయమ్మ పెట్టె మీంచి కాలు తీసింది.

వరహాలు మానిటర్ ప్లగ్గు పీకింది. నాన్న కొట్టిందేదో పోకుండా కంప్యూటర్ని మాత్రం ఆపలేదు. కాసేపు ఆగి, వెనక మరలు విప్పి, డొప్ప మెల్లగా లాగింది. లోపల గాజు ట్యూబు, దాని మెడ చుట్టూ రాగితీగ చుట్ట, అన్నిటిమీదా మెత్తటి ఎర్ర దుమ్ము.

"దూరంగా ఉండమ్మా. ప్లగ్గు పీకినా ట్యూబులో కరెంటు కాస్త దాక్కునుంటాది. ముందు దాన్ని దింపాలి."

స్క్రూడ్రైవరుకి ఒక తీగ చుట్టి, రెండో కొస లోపలి ఇనప చట్రానికి బిగించింది. పిడి పట్టుకుని, దాని మొనని ట్యూబు మీదున్న రబ్బరు టోపీ కిందికి దూర్చింది. టప్పుమంది.

"ఓలమ్మో!" అప్పాయమ్మ గుండె పట్టుకుంది.

"అయిపోయింది. ఇంక భయం లేదు."

పాత బ్రష్షుతో దుమ్ము దులిపి, బోర్డుని వెలుగువైపు తిప్పి వెతికింది. సముద్రం పక్కన ఇళ్ళల్లో తలుపు గొళ్ళేలే తుప్పు పట్టి రాలిపోతాయి, సన్నటి సీసపు అతుకులు ఒక లెక్కా? రాగితీగ చుట్ట నుంచి వచ్చిన వైర్లు బోర్డుకి తగులుకునే చోట ఒక అతుకు మసకబారి ఉంది. ఇదే అనుకుంది. ఐరన్ వేడెక్కాక పాత సీసం కరిగించి కొత్తది పెట్టింది. ఏడాదిగా చెయ్యి అలవాటు తప్పింది కదా, చూపుడువేలు కొసన కాలింది. నోట్లో పెట్టుకుని, చెప్పకుండా ఊరుకుంది.

ప్లగ్గు పెట్టింది. ముగ్గురూ తెరవైపే చూస్తున్నారు. ట్యూబు వేడెక్కింది. మెల్లగా వెలుగు వచ్చింది.

గీతే.

అప్పాయమ్మ నిట్టూర్చింది. ఏమీ అనలేదు. అనకపోవడమే వరహాలుకి ఎక్కువ బాధగా తగిలింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. నిజంగానే ఉన్నదీ పోగొడతానేమో అనిపించింది ఆ పిల్లకి. తండ్రి కేసి చూసింది. ఆయన తొందరపడలేదు. గడ్డం కాస్త ఎత్తి, కానీ అన్నట్టు తలాడించాడు.

"అమ్మా, ఎండిన కర్రముక్క ఏదైనా ఉందేటి? ఇనుము కాకూడదు."

అప్పాయమ్మ వంటింట్లోకి వెళ్ళి వెతికి మజ్జిగ కవ్వం తెచ్చింది. "ఇది పనికొత్తాదా?"

"వస్తాది. ఇంకోటి. నువ్వు ముందు కూర్చుని తెర చూడాలి. నేను వెనక నుంచి ఒక్కో అతుకూ తట్టి చూస్తాను. వదిలిన అతుకు తగిలితే బొమ్మ ఒక్క క్షణం విచ్చుకుంటాది. నాకు ఇటు నుంచి కనబడదు. నాన్న చెప్పలేరు."

"కరెంటు ఉండగానే?"

"ఉండగానే."

అప్పాయమ్మ మొహం పాలిపోయింది. "వద్దే. నీకేటైనా అయితే..." మాట మధ్యలో ఆగిపోయింది. ఆ 'నీకేటైనా' అన్నది చాలా రోజుల తర్వాత ఆవిడ నోట వచ్చిన మాట. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"చెప్పులేసుకున్నాను. ఎడమచెయ్యి వీపు వెనకే పెట్టుకుంటాను. రెండు చేతులూ లోపల పెట్టకూడదని పాలిటెక్నిక్‌లో మాస్టారు మొదటిరోజే చెప్పేరు. నువ్వు తెర చూడు చాలు."

అప్పాయమ్మ భర్త కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. చేతులు జోడించి సింహాచలం వైపు ఒక దండం పెట్టుకుంది. వరహాలు వెనక చేరి కవ్వం కాడతో బోర్డుని మెల్లగా తట్టడం మొదలుపెట్టింది.

"ఎలాగుంది?"

"గీతే."

"ఇప్పుడు?"

"గీతే... గీతే... కొంచెం వణికింది... గీతే..." అప్పాయమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఇచ్చుకున్నాది! ఓలమ్మ, ఇచ్చుకున్నాదే! అచ్చరాలు! తెరనిండా అచ్చరాలే!... అయ్యో, మూసుకుపోనాది."

"ఎక్కడ కొట్టినప్పుడు?"

"నాకేటి తెల్దే! ఇందాక కొట్టిన కాడే కొట్టు! కాదు, దానికి ముందు!"

వరహాలుకి నవ్వొచ్చింది. మళ్ళీ వెనక్కి వచ్చి తట్టింది. అల్యూమినియం రేకుకి బిగించిన చిన్న నల్లటి ముక్క దగ్గర అప్పాయమ్మ మళ్ళీ కేకేసింది. ఈసారి ఆవిడ గొంతులో భయం లేదు, పిల్లల ఆటలో దొంగని పట్టుకున్నంత సంబరం ఉంది. "అద్దీ! అక్కడే! మరి కదలొద్దు!" కళ్ళు చికిలించి చూస్తూ ఇంకో మాట కూడా అంది. "ఏటో గాని వరాలూ, అచ్చరాలన్నీ ఒక్కలాగే ఉన్నాయే. వరసలు వరసలు ఒకటే మాట."

ప్లగ్గు పీకి, మళ్ళీ ట్యూబులో కరెంటు దింపి, వరహాలు ఆ ముక్క కింద వెతికింది. రేకు బరువుకి ఏళ్ళ తరబడి ఊగి ఊగి, దాని మూడు కాళ్ళలో ఒకదాని చుట్టూ వెంట్రుకంత పగులు. సూటిగా చూస్తే కనబడదు, పక్కకి వంచితే కనబడుతుంది. ఈసారి వేలు కాలలేదు. సీసం మెరుస్తూ కాలి చుట్టూ నిండుగా కూర్చుంది.

వరహాలు ప్లగ్గు పెట్టి తెర ముందుకొచ్చింది. వెలుగు వచ్చింది. గీత వచ్చింది. అలా వచ్చిన గీత, ఎవరో తెర తీసినట్టు, పైకీ కిందికీ విచ్చుకుని నిలబడింది. తెరనిండా పచ్చటి అక్షరాలు. పైనుంచి కిందిదాకా ఒకే మాట.

కాదు. కాదు. కాదు. కాదు. కాదు.

"ఏటుంది?" అప్పాయమ్మ అడిగింది.

వరహాలు చదివింది. "కాదు అనుంది. అంతా అదే ఉంది."

"ఏటి కాదు?"

శ్రీరామ్మూర్తి అప్పటికే కొట్టడం మొదలుపెట్టాడు. ఎడమచెయ్యి ఒక్కటే, ఒక్కొక్క మీటే, కానీ ఎక్కడా ఆగలేదు. టెలిప్రింటర్ అలవాటు ఆయనకి, మాట పొదుపు. వరహాలు పక్కన నిలబడి చదవబోయి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. తన మీద పడ్డ నింద కొట్టేసే మాట తనే పైకి చదవాలంటే ఎలా? ఆయన బల్ల మీద అరచేత్తో ఒకటి కొట్టాడు. చదువు.

"ఆ రోజు... తెల్లారేసరికే కుడిచెయ్యి మొద్దు. గొడవకి ముందే. చొక్కా గుండీలు పట్టు దొరకలేదు. అప్పాయమ్మ పెట్టింది."

అప్పాయమ్మ నెమ్మదిగా అంది. "అవును. తిమ్మిరెక్కీసింది, నువ్వెట్టీ అన్నారు. నాను ఎగతాలి కూడా సేసేను. కొత్త పెల్లికొడుకులాగ ఏటా సోకు అని..." ఆవిడ చేతులు గాలిలో గుండీలు పెడుతున్నట్టు కదిలాయి. "నానే ఎట్టేను. ఈ సేతుల్తో నానే ఎట్టేను. నాకు తట్టనేదు."

మీటలు ఆగలేదు. వరహాలు చదివింది.

"కాలు కూడా బరువుగా ఉంది. ఆఫీసయ్యాక డాక్టరు దగ్గరికెళ్దాం అనుకున్నాను. జబ్బు నాది. ఆలస్యం నాది. పిల్లకి సంబంధం లేదు. పిల్లని ఎవరూ ఏమీ అనొద్దు."

ఆయన వేళ్ళు కాస్త ఆగాయి. ఊపిరి తీసుకుని మళ్ళీ కదిలాయి. ఈసారి భార్య వైపు కాదు, కూతురి వైపు చూస్తూ కొట్టాడు. మీటలు చూడాల్సిన అవసరం ఆ వేళ్ళకి లేదు.

"నువ్వే వద్దనుకున్నావనుకున్నాను. నా మీద కోపంతో పనిలో చేరలేదనుకున్నాను. నోటితో నీకు చెప్పిన ఆఖరి మాట వద్దు అని. అది ఇన్నాళ్ళూ గొంతులో ముల్లు. ఇప్పుడు వేలితో చెప్తున్నాను. వెళ్ళు."

చివరి మాట వరహాలు గుసగుసగా చదివింది. తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూలబడి ఆయన మోకాళ్ళలో మొహం దాచుకుంది. ఆయన ఎడమచెయ్యి ఆ పిల్ల తల మీద పెట్టుకుని నిమురుతూ ఉండిపోయాడు.

అప్పాయమ్మ ఆ గదిలో నిలవలేకపోయింది.

కాసేపయ్యాక వరహాలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. తల్లి గోడకేసి తిరిగి నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"అమ్మా."

అప్పాయమ్మ వెనక్కి తిరగలేదు. "ఆరోజు ఆస్పత్రిలో నా పక్కనెవులూ నేరే. మీ అన్నయ్య మందులకెల్లీసాడు. డాక్టరు బతుకుతాడో నేదో సెప్పనేనన్నాడు. ఎవుల్నో ఒకల్ని అనకపోతే నాకు పిచ్చెక్కిపోద్దనిపించింది. దేవుణ్ణి అందామంటే బయ్యమేసింది. నిన్నంటే ఊరుకుంతావు గదా అని నిన్ననీసాను."

"ఊరుకున్నాను కదమ్మా."

"ఊరుకున్నావు. అదే..." అప్పాయమ్మ గిన్నె వదిలేసింది. "తిరిగి తిట్టుంటే నాకు బుద్దొచ్చును గదే. ఊరుకున్నావు. నువ్వు ఊరుకునేకొద్దీ అదే నిజమని నాను నమ్మీసాను."

తడిచేతుల్తోనే కూతుర్ని దగ్గరికి లాక్కుంది. వరహాలు చెయ్యి పట్టుకునేసరికి చూపుడువేలి మీద బొబ్బ తగిలింది.

"ఇదేటి? కాలిందా? ఎప్పుడు? సెప్పవేటి?" అంటూ కూతురి వేలు చెంబులో చన్నీళ్ళలో ముంచి పట్టుకుంది. ఆ నీళ్ళలోకే ఆవిడ కళ్ళనీళ్ళు కూడా రాలాయి. బొబ్బ నెప్పి ఎప్పుడో తగ్గింది. అయినా వరహాలు వేలు తియ్యలేదు.

ముందుగదిలోంచి టకటక చప్పుడు వచ్చింది. ఇద్దరూ మొహాలు తుడుచుకుని వెళ్ళారు. శ్రీరామ్మూర్తి పాత మాటలన్నీ చెరిపేసి, తెర మధ్యలో కొత్తగా ఒక వరస కొట్టి ఉంచాడు.

"ఏటంతన్నారు?" అప్పాయమ్మ అడిగింది.

"మీ ఇద్దరి ఏడుపూ అయితే నాకు అన్నం పెడతారా అంటున్నారు."

అప్పాయమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది. ఆయన పెదవి ఎడమవైపు కొస వంకరగా పైకి లేచింది. ఆయన నవ్వు అదే ఇప్పుడు.

అన్నాలయ్యాక వరహాలు పనిముట్లు సర్దుతోంది. అప్పాయమ్మ పీట జరుపుకుని, మీటల బల్ల ముందు కూర్చుని, వాటికేసి అదోలా చూస్తూ ఉంది. ఒక మీట మీదికి వేలు తీసుకెళ్ళి, తాకకుండా వెనక్కి తీసుకుంది.

"వరాలూ."

"ఏటమ్మా?"

"నువ్వు సోమారం నుంచి ఆ సలమయ్య కాడికి పన్లోకి ఎల్లిపోతావు. మీ అన్నయ్య ఆఫీసుకి పోతాడు. పగలంతా ఈయనా నానూ. ఈయన మాటలు నాకెవులు సదివి సెప్తారు?" ఆవిడ కూతురి వైపు చూడకుండానే అంది. "ఈ అచ్చరాలేవో నాకూ నేర్పీ."

వరహాలు చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టేసి తల్లి పక్కకి వచ్చింది. నాన్న వెళ్ళు అనడం ఒకటి, అమ్మ ఇలా అనడం ఒకటి.

జవాబు శ్రీరామ్మూర్తే ఇచ్చాడు. ఎడమచెయ్యి చాపి భార్య చూపుడువేలు పట్టుకున్నాడు. పెళ్ళైన కొత్తలో పట్టుకున్నాడేమో గాని, పిల్లల ముందు ఎప్పుడూ ఆ చెయ్యి పట్టుకుని ఎరగడు. ఆ వేలిని మీటల వరసలో ఎడమ చివరికి తీసుకెళ్ళి, ఒక మీట మీద ఆనించి, పైనుంచి తన వేలితో నొక్కాడు.

నల్లటి తెర మీద ఒక పచ్చటి అక్షరం నిలబడింది.

"ఇదేటి?" అప్పాయమ్మ గుసగుసగా అడిగింది.

"అ," అంది వరహాలు. "నీ పేరులో మొదటి అక్షరమమ్మా."

అప్పాయమ్మ ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది. తర్వాత భర్త వేలు పక్కకి తప్పించి, ఈసారి తనంతట తనే మళ్ళీ నొక్కింది.